పాట ఆగినప్పుడు తెరిచి ఉన్న మైకు

2023 మే నెల, బహ్రెయిన్. మనామాలో ఒక విశ్వవిద్యాలయం ఆడిటోరియం. చివరి వరుస వెనక సౌండ్ డెస్కు ముందు కూర్చుని ఉన్నాను. వేదిక మీద ఎనభై మంది గాయకులు, నలభై మంది వాద్యకారులు. వాళ్లలో ఒక్కరూ నాకేసి చూడరు. ఈ ఉద్యోగంలో నాకు నచ్చిన సంగతి అదే. ఏదైనా తప్పు జరిగితే తప్ప సౌండు మనిషి ఒకడున్నాడని ఎవరికీ గుర్తుకు రాదు. ఆ రోజు తప్పు జరిగింది. అయినా నేను ఎవరికీ గుర్తుకు రాలేదు. నేను సిగ్గుపడేది ఈ రెండో దాని గురించి.

మాది తెనాలి. బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ చదివాను. నేను చేసే పనిని మా ఊళ్లో మైకుసెట్టు అంటారు. పెళ్లి సంబంధాలు చూసే రోజుల్లో మాత్రం మా నాన్నగారు దాన్ని సౌండ్ ఇంజనీరింగ్ అనేవారు. బహ్రెయిన్ వచ్చి అప్పటికి పంతొమ్మిదేళ్లు. ఇల్లు ఉమ్మ్ అల్ హస్సామ్‌లో, కంపెనీ గోడౌన్ తుబ్లీలో. వేదికలు, లైట్లు, స్పీకర్లు అద్దెకిస్తాం. కార్ల షోరూము ప్రారంభాలు, కంపెనీల వార్షికోత్సవాలు, మనవాళ్ల ఉగాది సంబరాలు, ఏది వస్తే అది.

ఇన్నేళ్లలో నాకు వంటబట్టిన సూత్రం ఒకటే. వెనకవాళ్లకి వినపడటం లేదని ఫిర్యాదు వస్తుంది గానీ, ముందువాళ్లకి మరీ ఎక్కువగా వినపడుతోందని ఎప్పుడూ రాదు. బహుశా ముందువాళ్లు ఫిర్యాదు చేసే స్థితిలో ఉండకపోవడం వల్ల కావచ్చు. మన గాయకుడు దగ్గినా దానికి కాస్త ఎకో కలిపి వినిపించడం నా అలవాటు. పాడేవాళ్లూ మెచ్చుకునేవారు, వినేవాళ్లూ మెచ్చుకునేవారు. అలా చేతికి ఒక రోగం పట్టింది.

విశ్వవిద్యాలయం బృందగానం ఆ బాపతు కాదు. చనిపోయినవాళ్ల శాంతి కోసం లాటిన్‌లో పాడే ఒక పెద్ద ఆరాధన కృతి అది. దాదాపు గంటన్నర, మధ్యలో విరామం లేదు. పాడేవాళ్లలో బహ్రెయినీ పిల్లలున్నారు, మన పిల్లలున్నారు, ఫిలిప్పీన్స్ వాళ్లున్నారు, ఇద్దరు లైబ్రేరియన్లు, ఒక లెక్కల మాస్టారు ఉన్నారు. నడిపించేది ప్రొఫెసర్ మార్గరెట్ అనే ఇంగ్లీషావిడ. అరవై దాటిన మనిషి. తెల్లటి పొట్టి జుట్టు, మెడలో తాడుకి వేలాడే కళ్లద్దాలు. మొదటి రోజే నన్ను పక్కకి పిలిచారు.

“మిస్టర్ మూర్తి, మైకులు రికార్డింగుకి మాత్రమే. స్పీకర్లు స్వాగత ప్రకటన వరకే. పాట మొదలయ్యాక స్పీకర్లలోంచి ఊపిరి కూడా రాకూడదు.”

“అంటే పాట అసలు మైకులో పెట్టరా మేడం?”

“ఎనభై మంది మనుషులున్నారు కదా. వాళ్లే నా మైకులు.”

నాకు జాలేసింది. ఆవిడ మీద.

ఇక్కడ మా పని కొంచెం చెప్పాలి. బృందగానం వాళ్లు రైజర్ల మీద నిలబడతారు. రైజరంటే మెట్లుమెట్లుగా కట్టే చెక్క వేదిక. రికార్డింగు కోసం వాళ్ల తలల మీద సన్నటి కండెన్సర్ మైకులు వేలాడదీస్తాం. అవి గుండుసూది పడినా పట్టేసే రకం. ఆ మైకుల్లోంచి వచ్చే శబ్దం రెండు దార్లలో పోతుంది. ఒకటి రికార్డింగు యంత్రానికి, అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది. రెండోది హాలు స్పీకర్లకి. ఈ రెండో దారికి కాపలా ఫేడర్. అంటే డెస్కు మీద పైకీ కిందికీ జరిగే చిన్న మీట. అది అట్టడుగున ఉంటే హాల్లో మైకు లేనట్టే లెక్క. ఆ రోజు నేను చెయ్యాల్సిన పనల్లా మీటల్ని అట్టడుగున ఉంచి, చేతులు కట్టుకుని కూర్చోవడం. కంపెనీ నాకిచ్చిన పనుల్లోకెల్లా తేలికైనది.

ఇక గంగారాం. జగిత్యాల దగ్గరి పల్లెటూరి మనిషి, అప్పటికి నలభై ఆరేళ్లు. రైజర్లు కట్టడంలో మా దగ్గర అతన్ని మించినవాడు లేడు. అంతకు రెండేళ్ల ముందు కిడ్నీలో రాళ్లకు ఆపరేషన్ అయింది. ఎండలో పనిచెయ్యకూడదని, నీళ్లు బాగా తాగాలని డాక్టరు చెప్పాడు. అప్పుడు నేనే మా మేనేజర్ వర్గీస్‌తో మాట్లాడి అతన్ని హాళ్ల లోపల పనిచేసే జట్టులో వేయించాను. కాబట్టి గంగారాంకి నేనేదో మేలు చేశానన్న అభిప్రాయం నాకుండేది. మేలు చేశామనుకున్న మనిషి దగ్గర మనం కాస్త వదులుగా ఉంటాం.

రిహార్సళ్లు మూడు జరిగాయి. మూడింటికీ గంగారాం రైజర్ల వెనక, నల్ల తెర చాటున స్టూలు మీద కూర్చునేవాడు. అక్కడొక డ్యూటీ ఉంటుంది. లైట్ల వేడికి గంటన్నర నిలబడలేక వెనక వరుసలో ఎవరో ఒకరు కళ్లు తిరిగి పడటం మామూలే. వాళ్లని పట్టుకోవడానికి, నీళ్లివ్వడానికి ఒక మనిషి కావాలి. గంగారాం బలమైనవాడు, మాటలు తక్కువవాడు. నేనే కూర్చోబెట్టాను.

రెండో రిహార్సల్ అయ్యాక భోజనాల దగ్గర అడిగాడు.

“సార్, గీల్లు వాడేది ఏం బాస?”

“లాటిన్.”

“ఎవలకు సమజైతది?”

“ఎవరికీ కాదు.”

“మరి మాకు అయ్యగారు సదివే మంత్రం లెక్కనే.” పెరుగన్నం కలుపుకున్నాడు. “నడుమ ఒక్క కాడ అందరు ఊకుంటరు సూడుండ్రి సార్. ఒక్కపారే బంద్. గా మేడం చెయ్యి లేపి గట్లనే వట్టుకుంటది. మళ్ల సన్నగ అందుకుంటరు. గక్కడ నాకు పెయ్యి జల్లుమంటది.”

ఆ చోటు నాకూ తెలుసు. మొదటి రోజు అది పాట అయిపోవడమే అనుకుని నేను హాలు లైట్లు వేయించాను. గంగారాం అలా అనుకోలేదు. తర్వాత చాలాకాలానికి గాని నేనీ తేడా గమనించలేదు.

కచేరీ శనివారం సాయంత్రం ఆరింటికి. హాలు నిండింది. మొదటి వరుసలో రాయబారులూ పెద్దమనుషులూ కూర్చున్నారు. వర్గీస్ నా వెనక నిలబడి పది నిమిషాలు విని, చెవిలో, “భాయ్, చాలా తక్కువగా ఉంది కదా?” అని వెళ్లిపోయాడు. వర్గీస్ మీద నెపం పెట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన ప్రతి కార్యక్రమంలోనూ అదే మాటంటాడు. ఉర్దూ కవులు కవిత్వం చదివే ముషాయిరాలో కూడా అన్నాడు.

వెనక వరుస మగగొంతులు నిజంగానే నీరసంగా అనిపించాయి. వాళ్ల మీద వేలాడే మైకు ఫేడరు మీద వేలు పెట్టాను. ఒక్క వెంట్రుకవాసి పైకి జరిపాను. ఎవరికీ తెలియలేదు. బాగుందనిపించింది. ఇంకో వెంట్రుకవాసి. అలవాటు కొద్దీ కొంచెం ఎకో.

ఇంతలో పాట నెమ్మదించే భాగం వచ్చింది. ప్రొఫెసర్ ఎడమచేత్తో తగ్గించమని సైగ చేస్తున్నారు. పిల్లలు గొంతు తగ్గిస్తున్నారు. వాళ్లు తగ్గించేకొద్దీ నేను పెంచుతూ పోయాను. ఆవిడ చెయ్యి కిందికి, నా చెయ్యి పైకి. ఇద్దరం కలిసి కచేరీ నడిపిస్తున్నామన్నమాట. ఆవిడకి ఆ సంగతి తెలియదు.

తర్వాత ఆ చోటు వచ్చింది. అందరూ ఒక్కసారిగా ఆగారు. ఆవిడ చెయ్యి గాల్లో నిలిచింది. ఆరువందల మంది ఊపిరి బిగబట్టారు. అప్పుడు హాలు నలుమూలలనున్న స్పీకర్లలోంచి, ఎకోతో సహా, ఆకాశవాణిలాగా ఒక మగ గొంతు వినిపించింది.

“అయిపోలే. ఆగిన్రు గంతే. మళ్ల అందుకుంటరు, ఆగు.”

నా బతుకులో ఏ పనీ అంత వేగంగా చెయ్యలేదు. ఫేడరు అట్టడుక్కి లాగేశాను. కానీ అప్పటికే గాయకుల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఒకమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. సన్నగా మొదలవ్వాల్సిన గొంతుల్లో సగం మొదలయ్యాయి, సగం కాలేదు. వయొలిన్లు ఒక దారి, పిల్లలు ఒక దారి. ప్రొఫెసర్ చెయ్యి దించారు. వెనక్కి తిరిగి ప్రేక్షకులకు తల వంచి క్షమాపణ చెప్పి, రెండు పేజీల ముందు నుంచి మళ్లీ మొదలుపెట్టారు. రెండోసారి ఆ నిశ్శబ్దం వచ్చినప్పుడు హాల్లో అందరూ ఆ గొంతు కోసం ఎదురుచూశారు. అది నిశ్శబ్దమే కాదు.

కచేరీ ముగిశాక వేదిక వెనక గదిలోకి పిలిచారు. గంగారాం గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో ఫోను. వర్గీస్ ఎర్రబడి ఉన్నాడు. షో జరుగుతుండగా తెర వెనక ఫోను వాడకూడదన్నది మా కంపెనీ నియమం, గంగారాం దాన్ని తప్పాడు, అందులో అనుమానం లేదు.

ప్రొఫెసర్ అరవలేదు. అరిచినా బాగుండేది. “ఈ విద్యార్థులు ఆ ఏడు సెకన్ల కోసం మూడు నెలలు పనిచేశారు” అని, నావైపు తిరిగారు. “అతను మీ భాష మనిషే కదా. ఏమన్నాడు?”

ఆ గదిలో ఆ భాష తెలిసినవాళ్లం ఇద్దరమే. నేనూ, గోడకి ఆనుకున్న మనిషీ. అతను భార్యతో మాట్లాడుతున్నాడని నాకు ఒక్క ముక్కలో అర్థమైంది. ఫోను ఎత్తిపట్టి ఆవిడకి పాట వినిపిస్తున్నాడని కూడా. పాట ఆగేసరికి అయిపోయిందా అని ఆవిడ అడిగి ఉంటుంది. ఆ చోటు విలువ హాల్లో అందరికంటే బాగా తెలిసినవాడు కాబట్టి, కట్ చెయ్యకుండా ఆగమన్నాడు. ఇదంతా ఇంగ్లీషులో చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. కానీ ఆ రెండు వాక్యాలు చెబితే మూడో ప్రశ్న వస్తుంది.

“ఏదో ఇంటి సంగతి మేడం” అన్నాను.

“అంత గట్టిగా ఎలా వినపడింది?”

“మైకు సరిగ్గా అతని నెత్తిమీదే ఉంది మేడం. చాలా సున్నితమైన మైకు.” కచేరీ అలసటలో ఆవిడ ఇంకేమీ అడగలేదు.

ఇందులో ఒక్క అబద్ధం లేదని ఇప్పటికీ గర్వంగా చెప్పుకోగలను. నన్ను ఎప్పుడైనా కోర్టులో నిలబెడితే ఈ వాక్యాలే చెప్పి గెలుస్తాను.

గంగారాం నా మొహంలోకి చూశాడు. కోపంగా కాదు. ఎదుటిమనిషి మాట ఇంకా పూర్తి కాలేదు, మిగతాది కూడా చెబుతాడు అనుకునేవాడు చూసే చూపు అది. నేను కేబుళ్లు చుట్టించాలని చెప్పి బయటికొచ్చాను. వెనకనుంచి వినపడింది. “సారీ మేడం.”

మర్నాడు ప్రొఫెసర్ నుంచి ఫిర్యాదు ఉత్తరం వచ్చింది. మర్యాదగా, క్లుప్తంగా ఉంది. మూడో రోజున గంగారాంని హాళ్ల జట్టులోంచి తీసి, హిద్‌లో పోర్టు దగ్గరున్న మా కంటైనర్ యార్డుకి పంపారు. ఆరుబయట, ఇనుప పెట్టెల మధ్య, జూన్ మొదలవుతుండగా. ఆ మధ్యలో నాకు రెండు రోజులు సమయముంది. ఆ రెండు రోజులూ నేను గోడౌన్‌లో చాలా శ్రద్ధగా పనిచేశాను. ఎన్నాళ్ల నుంచో చిక్కుపడి ఉన్న కేబుళ్లన్నీ విప్పాను. గంగారాం రెండుసార్లు నా బల్ల ముందు నుంచి అనవసరంగా నడిచి వెళ్లాడు. రెండుసార్లూ నేను ఫోనులో ఉన్నాను. రెండోసారి అవతల ఎవరూ లేరు.

వర్గీస్‌తో ఒక మాట మాత్రం అన్నాను. “ఆపరేషనైన మనిషి కదా, ఎండలో ఎలా?”

“వేసవి మధ్యాహ్నాలు ఇక్కడ చట్టప్రకారం పని బంద్ ఉంటుంది కదా భాయ్” అన్నాడు. “అతని మీద అంత జాలి ఉంటే ఫోను తీసుకుపోవద్దని ముందే చెప్పాల్సింది.”

ఖలాస్. అక్కడితో నా పోరాటం ముగిసింది.

జులైలో ప్రొఫెసర్ నన్ను తన గదికి పిలిచారు. కచేరీ రికార్డింగు విద్యార్థులకు ఇవ్వాలట. రెండోసారి పాడినదాంట్లో పిల్లలు బెదిరి పాడారు, ఆ నిశ్శబ్దం దాకా మొదటిసారి పాడిందే బాగుంది, అందులోంచి ఆ గొంతు తీసెయ్యగలరా అని అడిగారు. తీసెయ్యొచ్చు. ఈ రోజుల్లో అదొక పెద్ద పని కాదు. ప్రతి మైకు శబ్దమూ విడివిడిగా నమోదై ఉంటుంది. దాన్ని ట్రాక్ అంటాం. ఏ ట్రాక్‌లో మచ్చ ఉంటే దాన్నే తుడుస్తాం.

ఆవిడ హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కొక్క ట్రాకూ వింటున్నారు. ఒక చోట ఆగారు. మళ్లీ విన్నారు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

“ఇది హాలు చివర, ప్రేక్షకుల వెనక పెట్టిన మైకు. అవునా?”

“అవును మేడం. చప్పట్ల కోసం.”

“ఇందులో అతని గొంతు స్పష్టంగా ఉంది. ఎకోతో ఉంది. నా హాలుకి ఎకో లేదు మిస్టర్ మూర్తి. ఆ సంగతి మీద పదేళ్లుగా యాజమాన్యంతో పోట్లాడుతున్నాను.”

సంగీతం తెలిసినవాళ్ల ముందు సౌండు మనిషి అబద్ధమాడకూడదని ఎక్కడా రాసిపెట్టలేదు. అవసరం లేదనుకుని ఉంటారు.

చెప్పాను. ఫేడరు గురించి, ఎకో గురించి, ఆవిడ చెయ్యి దించుతుంటే నేను ఎత్తడం గురించి. గంగారాం అన్న మాటల్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. రెండు వాక్యాలే. రెండు నెలలు ఆలస్యంగా.

ఆవిడ ఆ ఏడు సెకన్లూ ఇంకోసారి విన్నారు. తర్వాత అడిగారు. “అది ముగింపు కాదని అతనికెలా తెలుసు? అక్కడ చప్పట్లు కొట్టేవాళ్లని నేను యూరప్‌లో చూశాను.”

“మూడు రిహార్సళ్లూ విన్నాడు మేడం. ఆ చోట ఒళ్లు జల్లుమంటుందన్నాడు.”

“ఎవరితో?”

“నాతో.”

ఆవిడ కళ్లద్దాలు తీసుకుని, పెట్టుకోకుండా చేత్తోనే పట్టుకున్నారు. “మీరు నాచేత ఉత్తరం రాయించారు” అన్నారు. అంతే. ఆ వాక్యంలో ఒక్క గట్టి మాట లేదు. నేను విన్న తిట్లన్నిటిలోకీ నిశ్శబ్దమైనది అదే.

గొంతు మాత్రం తీసెయ్యమన్నారు. అది తన విద్యార్థుల పాట, వాళ్లకి శుభ్రంగా దక్కాలి అన్నారు. తన ఉత్తరం వెనక్కి తీసుకుంటూ ఆ రోజే ఇంకో ఉత్తరం రాస్తానన్నారు. మిగతాది నా పని అన్నారు. ఆ సాయంత్రం తుబ్లీలో కూర్చుని తుడిచాను. నలభై నిమిషాలు పట్టింది. అతన్ని ఒక చోటినుంచి తీసెయ్యడం నాకది రెండోసారి కాబట్టి చెయ్యి తిరిగింది.

వర్గీస్‌కి అంతా చెప్పాను. కంపెనీ నాకు ఒక వార్నింగ్ లెటర్ ఇచ్చింది. దాన్ని ఏసీ గదిలో కూర్చుని చదువుకున్నాను.

మర్నాడు పొద్దున పదకొండింటికి హిద్ వెళ్లాను. కారు దిగగానే ఎండ చెంప మీద కొట్టినట్టయింది. గంగారాం రెండు కంటైనర్ల మధ్య జానెడు నీడలో నిలబడి, పెద్ద సీసాలోంచి నీళ్లు తాగుతున్నాడు. తల చుట్టూ తడిగుడ్డ. మనిషి చిక్కాడు. జూన్ ఆఖర్లో ఒకసారి నొప్పొచ్చి ఆసుపత్రిలో రెండు రోజులున్నాడని అక్కడి ఫోర్‌మన్ చెప్పాడు. నాకెవరూ చెప్పలేదు. నేను అడగలేదు.

“ఏంది సార్, గిటొచ్చిన్రు? సామాన్ కొరకా?”

“నీకోసమే. ఆ రోజు మైకు నేనే తెరిచాను గంగారాం.”

“నాకెరుకే సార్.”

“ఎలా తెలుసు?” అన్నాను.

“నా గొంతు స్పీకర్ డబ్బాలకెల్లి అచ్చింది. తెర ఎనుక నేను గుసగుస వెడితే హాలంత ఎట్లినవడ్తది? డబ్బాలు మీ చేతులనే ఉంటయి. ఇంకెవల చేతులున్నయి?” చదువు రాని మనిషికి ఏం తెలుస్తుందిలే అని నేను రెండు నెలలు నిద్రపోయాను. అతను చెప్పిన తర్కానికి బీఎస్సీ అక్కర్లేదు.

“మరి ఆ రోజు గదిలో ఎందుకు అనలేదు?”

“నేనంటె ఎవలు నమ్ముతరు సార్? మీరు జెప్తరనుకున్న. రెండు దినాలు సూసిన. మూడో దినం యల్లా, నడువు అన్నరు, బస్సెక్కిన.”

ప్రొఫెసర్ ఉత్తరం గురించి, మళ్లీ హాళ్ల జట్టుకి మార్చడం గురించి చెప్పాను. తలూపాడు. సంతోషించినట్టు లేదు. సీసా మూత తిప్పుతూ నిలబడ్డాడు.

“గదంత అయితది తియ్యిండ్రి. నాకు ఇంకో పని జేసి పెట్టుండ్రి సార్. మా ఇంటిదానికి ఒక్కమాట జెప్పుండ్రి. అయిపోయిందా అని అది అడిగినందుకే నన్ను ఎండల ఏసిన్రని అనుకుంటది. నీ వల్ల గాదే అని మస్తుసార్లు జెప్పిన. ఇనదు. దాని మనసు కుదుటవడాలని జెప్తున్ననంటది. మీరు జెప్తే నమ్ముతది. మీరు పెద్దసార్ గదా.”

అని, నేను సరేననకముందే ఫోను కలిపి, స్పీకరు పెట్టి నా చేతికిచ్చాడు.

“నమస్తే సారూ, రాజవ్వను” అంది ఒక గొంతు. వెనకాల బీడీ ఆకు కత్తిరిస్తున్న చప్పుడు, ఒకే లయలో. “ఆయినకేమన్న అయిందా?”

“ఏం కాలేదమ్మా. బాగానే ఉన్నాడు. అదేంటంటే... ఆ రోజు పాట ఆగినప్పుడు మీరు అడిగారు చూడండి...”

“తప్పయింది సారూ. అడగకపోదును.”

“కాదమ్మా, వినండి. మైకుకి ఒక మీట ఉంటుంది. అది కిందికి ఉంటే మైకు మూసినట్టు. నేను దాన్ని పైకి జరిపాను. జరపకూడదు. ముయ్యమని మేడం ముందే చెప్పింది. నేను తెరిచాను కాబట్టి మీ ఆయన మాట అందరికీ వినపడింది. లేకపోతే పక్కనున్నవాడికి కూడా వినపడేది కాదు. మీ తప్పు కాదు. ఆయన తప్పూ కాదు. తప్పు నాది.”

కత్తెర చప్పుడు ఆగింది.

“గట్లయితె గా దినమే జెప్పకపోతిరి సారూ?”

ఆవిడ నిలదీసినట్టు అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఇలాంటప్పుడు లైను తెగిపోతే ఎంతో బాగుంటుంది. తెగలేదు. బహ్రెయిన్‌లో నెట్‌వర్కు చాలా బాగుంటుంది.

“భయపడ్డానమ్మా” అన్నాను చివరికి.

“ఆయినకు ఎండ వడది సారూ. నీళ్లు తాగుమనుండ్రి” అంది. మళ్లీ కత్తెర చప్పుడు మొదలైంది. గంగారాం నా చేతిలోంచి ఫోను తీసుకుని, “తాగుతున్ననే” అన్నాడు.

హాళ్ల జట్టులో అతని చోటు అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. ఖాళీ అయ్యేసరికి అక్టోబరు వచ్చింది. అంటే వేసవి మొత్తం అయ్యాక. ఉత్తరం వెనక్కి తీసుకోవచ్చు గానీ జులై, ఆగస్టులని వెనక్కి తీసుకోవడం కుదరలేదు.

ఇప్పుడు గంగారాం నాతోనే పనిచేస్తాడు. సార్ అనే పిలుస్తాడు, టీ తెస్తే నాక్కూడా తెస్తాడు. కొత్తగా వచ్చిన మార్పు ఒక్కటే. ప్రతి కార్యక్రమానికీ ముందు వేదిక నుంచి హాలు చివరిదాకా నడిచొచ్చి, నా డెస్కు ముందు ఆగి, మీటల వరసకేసి ఒకసారి చూసి వెళ్తాడు. ఏమీ అనడు. మొదట్లో నేనే అనేవాణ్ణి, అన్నీ కిందే ఉన్నాయి గంగారాం, అని. అతను విని, అయినా చూసుకుని వెళ్లేవాడు. ఇప్పుడు నేనేమీ అనకుండా కుర్చీ కాస్త పక్కకి జరుపుతాను, బాగా కనపడాలని.

మరుసటి ఏడు అదే హాల్లో, అదే ప్రొఫెసర్, ఇంకో పెద్ద కృతి. తెర వెనక స్టూలు మీద మళ్లీ గంగారాం. నేను ముందుగానే ప్రొఫెసర్‌ని అడిగి ఒప్పించాను. గంగారాం ఫోను దగ్గరుంచుకోవచ్చు, ఇంటికి వినిపించుకోవచ్చు, మాట్లాడకుండా ఉంటే చాలు అన్నారు. ఈ మాట అతనికి చెప్పేటప్పుడు నా గొంతులో బహుమతి ఇస్తున్నవాడి ధోరణి కొంచెం ఉండే ఉంటుంది.

“వద్దు సార్” అన్నాడు.

“పర్మిషన్ ఉంది గంగారాం. మేడమే ఇచ్చింది.”

“ఎరుకే సార్. నేను జేస్త అన్న. మా ఇంటిదే వద్దన్నది. డ్యూటీల ఉన్నప్పుడు జెయ్యకు, నేను ఇన అన్నది.” మీటల వరసకేసి చూశాడు. “అన్ని కిందనే ఉన్నయి” అని తనే అని, వేదిక వైపు నడిచాడు.

ఆ రోజు పాడినంతసేపూ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వెనక వరుస మగగొంతులు నీరసంగానే ఉన్నాయి. ఉండనిచ్చాను. నాకు జీతమిచ్చేది అలా కూర్చోవడానికి కూడానని తెలియడానికి ఇరవై ఏళ్లు పట్టింది. మధ్యలో ఒకచోట పాట ఆగింది. హాలంతా చెవులే అయింది. స్పీకర్లలోంచి ఊపిరి కూడా రాలేదు. ఆ నిశ్శబ్దంలో నాకు మాత్రం జగిత్యాల దగ్గర ఒక ఇంట్లో కత్తెర చప్పుడు వినపడింది. అయిపోయిందా అని ఎవరూ అడగలేదు.